పై గుండీ

ఇదొక మహాకావ్యం. ముందే చెప్తున్నాను, మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళండి. ఇందులో పురవర్ణన ఉంది, ఋతువర్ణన ఉంది, దూరప్రయాణం ఉంది. మృత్యువు వీధి మలుపు దాకా వచ్చి నిలబడడం ఉంది. నాయకుడు తిరిగొచ్చే వేళ జనమంతా లేచి నిలబడే ఘట్టం ఉంది. పన్నెండు ఆశ్వాసాలకు చాలినంత సరుకు.

అబ్బే, అంత లేదు. మా నాన్న చొక్కాకి పై గుండీ ఒకటుంది. దాని గురించి. పురవర్ణన ఇక్కడే ముగించేస్తాను: చోడవరం, చుట్టూ చెరకు. ఋతువు ఎండాకాలం. సముద్రం చూడాలంటే బస్సెక్కాలి.

ఇంత పొదుపు నాకు పుట్టుకతో రాలేదు, నాన్న మీద తిరుగుబాటుగా వచ్చింది. ఆయన రైతు, అంతకుమించి వక్త. వడ్డాది సంతలో వంకాయలు కొని ఇంటికొస్తే, ఆ వంకాయలు వండి, తిని, గిన్నెలు తోమేశాక కూడా అవి కొన్న కథ నడుస్తూ ఉండేది. ముందు బస్సు. బస్సులో పక్క సీటాయన. ఆయన అల్లుడు. అల్లుడి బోరు మోటారు ఎందుకు కాలిపోయింది. మోటారు బాగుచేసినవాడి పెళ్ళిలో పప్పుచారు ఎలా పులిసిపోయింది. మధ్యలో అమ్మ వంకాయల సంగతి అడిగితే, అక్కడికే వస్తన్నాను అనేవాడు. వచ్చేవాడు కాదు.

అలాంటి ఇంట్లో పెరిగినవాడు సన్యాసైనా అవ్వాలి, మూడు పాదాల కవైనా అవ్వాలి. సన్యాసానికి అమ్మ ఒప్పుకోలేదు.

మెయిన్ రోడ్డు మీద జిరాక్సులు తీసి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణంలో నా పని. జనం వచ్చి కష్టమంతా చెప్పుకుంటారు. తెర మీద గడి మాత్రం చిన్నది, దాని పక్కన ‘వివరాలు క్లుప్తంగా’ అని ఉంటుంది. ఒకాయన తాతల నాటి పొలం తగాదా పొద్దున్నంతా చెప్పాడు. చివరికి ఆ గడిలో ‘సరిహద్దు రాయి కనబడుట లేదు’ అని కొట్టాను. కొట్టాక ఒళ్ళు జలదరించింది. ఇన్ని కేసులు, కొట్లాటలు, పగలు పోయి, ఒక రాయి లేకపోవడం మాత్రం మిగిలింది. అది కవిత్వమని నాకు అప్పుడు తెలియదు. ఆయనకి ఇప్పటికీ తెలియదు. రాయి దొరికిందో లేదో ఇద్దరికీ తెలియదు.

తర్వాత చిన్న కవితలు రాసేవాళ్ళ వాట్సాప్ గ్రూపొకటి దొరికింది. అక్కడ నియమాలు తక్కువ. మూడు పాదాలు దాటకూడదు. ‘లాగా’, ‘వలె’ రాకూడదు. ఏడుపొస్తే చదివేవాడికి రావాలి, రాసేవాడికి రాకూడదు. గ్రూపు నడిపే పెద్దాయన రిటైరైన తెలుగు లెక్చరరు, అనకాపల్లిలో ఉంటారు. మెచ్చుకోరు, తిట్టరు. పంపినదాంట్లో సగం మాటలు తీసేసి వెనక్కి పంపుతారు, అంతే. క్షౌరమయ్యాక అద్దం చూపించినట్టు ఉంటుంది. చూసుకుని, ఇదేనా నా తల అనుకుని, ఊరుకోవాలి.

చెరకు కోసేశాక మా తోట మీద ఒక కవిత రాశాను. అందులో బోడితల ఉంది, వట్టిపోయిన గోవు ఉంది, నా గుండె కూడా ఎక్కడో ఉంది. ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చింది ఇది:

కోసిన తోట
గాలికి
ఎక్కడ ఆగాలో తెలియలేదు

మొదటి పాదం గొంతు సవరించుకోవడం, ఆఖరి పాదం చేతులు దులుపుకోవడం, ఆ రెండూ తీసేస్తే మధ్యలో కవిత ఉంటుంది అని ఒకసారి ఫోన్లో చెప్పారు. నావాటిలో చాలావాటికి ఆ రెండూ తీసేస్తే కింద వేసిన తేదీ మాత్రం మిగిలేది.

చిన్న కవిత ముద్దుగా ఉంటుందని కొందరు అనుకుంటారు. నాకది మొదటినుంచీ బెదిరింపుగానే అనిపించేది. పెద్ద కవిత కూర్చోబెట్టి, అన్నం పెట్టి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతుంది. చిన్నది తలుపు కొట్టి, మనం తీసేలోగా వెళ్ళిపోతుంది. తలుపు తీసినవాడు ఏం చేస్తాడు? బయటి ఖాళీలోకి చూస్తాడు. అక్కడ ఏముందో వాడి భయమే వాడికి చెప్తుంది. ఈ మాట గ్రూపులో రాస్తే చప్పట్ల బొమ్మలొచ్చాయి. ఇంట్లో అంటే అమ్మ, తలుపు కొట్టింది పాలాయనేమో సూడమంది.

ఆ ఎండాకాలం మొదట్లో నాన్న చొక్కా పై గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయన జీవితంలో ఆ గుండీ ఎప్పుడూ దాని కాజాలోకి వెళ్ళలేదు, పెళ్ళి ఫొటోలో కూడా. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చున్నా, పొలం వెళ్ళినా, గొంతు దాకా బిగించుకుని చెమటలు కక్కుతున్నాడు. ఏదో రాజకీయ నాయకుణ్ణి చూసి మొదలుపెట్టాడనుకున్నాను. చూడగా చూడగా అందులో ఒక కవిత ఉందని తోచింది. నాలుగు పాదాలు వచ్చాయి: మండుటెండలో, చెమట కారుతున్నా, పై గుండీ పెట్టుకుని తిరుగుతున్నాడు నాన్న, ఏదో దాచుకున్నవాడిలా.

పెద్దాయన ఎండ ఉంచి చెమట తీసేశారు, రెండూ ఒకటేనని. ఆఖరి పాదం మొత్తం కొట్టేశారు. అందులో ‘లా’ ఉంది, నియమానికి విరుద్ధం. పైగా, ఆ ముక్క గుండీయే చెప్తోంది కదా, మళ్ళీ మీరెందుకు చెప్పడం అని రాశారు. నిజమే అనిపించింది. ఇలా మిగిలింది:

పై గుండీ
పెట్టుకుంటున్నాడు నాన్న
ఎండాకాలం

అంటే, నాన్న ఏదో దాస్తున్నాడని నా చేత్తో నేనే రాసి, పాదాలు ఎక్కువయ్యాయని కొట్టేయించాను. ఆ మాట నా బుర్రలోకి మాత్రం వెళ్ళలేదు. కవిత్వంలో ఇంత శ్రద్ధగా ఉండేవాడికి బుర్ర పెద్దగా అవసరపడదు.

గ్రూపులో హృదయాలు కురిశాయి. ఒకరు తండ్రి గాంభీర్యం అన్నారు. ఒకరు మధ్యతరగతి ఉక్కపోత అన్నారు. ఇంకొకరు గుండీని రాజ్యాంగంతో పోల్చారు, ఎలాగో నన్నడగొద్దు. సాయంత్రం, గ్రూపులో పెద్దగా మాట్లాడని ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు.

‘తమ్ముడూ, కవిత బాగుంది. నాన్నగారి మెడ చూశారా?’

ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తూ అది చదివాను. కార్డు తిరగేసి పెట్టానని, తెల్లకాగితాలే వస్తున్నాయని ఆ కార్డు మనిషి చెప్పేదాకా యంత్రం దగ్గరే నిలబడ్డాను. ఆవిడ తలుపు తీశారు. ఖాళీలోకి చూశారు. అక్కడేముందో నాకంటే ముందు కనబడింది.

ఇంటికెళ్ళేసరికి నాన్న మంచం మీద కూర్చుని చెప్పులకి అంటిన మట్టి పుల్లతో గీకుతున్నాడు.

“నాన్నా, పై గుండీ తియ్యి.”

“ఎందుకూ?”

“సూద్దామని.”

ఆయన అమ్మవైపు చూశాడు. తప్పించుకోవడానికి ఒక కథ మొదలుపెడతాడేమోనని ఎదురుచూశాను. మామూలుగా అయితే గుండీ దగ్గర మొదలై చొక్కా కుట్టిన టైలరు మీదుగా ఆయన తోడల్లుడి దాకా వెళ్ళాలి. గుండీ తీశాడు. మెడకి ఎడమపక్క, కాలరు దాచే చోట, ఉసిరికాయంత గడ్డ.

ఎప్పట్నించి అంటే మొన్నే అన్నాడు. మావైపు మొన్న అంటే నిన్నటి ముందురోజు నుంచి పోయిన పంట దాకా ఏదైనా కావచ్చు. అమ్మ వచ్చి వేళ్ళతో తాకి చూసింది. తర్వాత ఆ వేళ్ళని కొంగుకి తుడుచుకుంది, వాటికేమీ అంటకపోయినా.

ఊళ్ళో డాక్టరు నొక్కి చూసి, ఏమీ అనకుండా, విశాఖపట్నం పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. అక్కడి డాక్టరు కూడా నొక్కి చూసి, ముక్క తీయించాలి అని ఒక్క మాట అన్నాడు. వీళ్ళంతా ఏ గ్రూపులో ఉన్నారో కనుక్కోవాలనిపించింది. నాన్నని లోపలికి తీసుకెళ్ళి, కాసేపయ్యాక ఒక నర్సు చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. పరీక్ష చేసే ల్యాబు వేరే వీధిలో ఉందట, మనమే పట్టుకెళ్ళి ఇవ్వాలట. సీసాలో ఏదో ద్రవం, దాంట్లో నాన్న మెడలోంచి తీసిన ముక్క, చింతగింజ కంటే చిన్నది. ఆటోలో ఆ సీసాని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. మనిషిని ఇంతకంటే కుదించడం ఎవరికీ చేతకాదు. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, తేనెనా బాబూ అని అడిగాడు. కాదన్నాను.

రిపోర్టుకి వారం పడుతుందన్నారు.

ఆ వారం మా ఇంట్లో మాటలు ఎండిపోయాయి. ముందు నాన్నవి. తిన్నావా అంటే ఊఁ. పొలం వెళ్తావా అంటే ఉహుఁ. ఎన్నో ఏళ్ళుగా ఆయన నోటినుంచి నేను కోరుకున్న క్లుప్తత అదే. దొరికింది. రాత్రి పడుకుంటే పక్కగదిలోంచి వడ్డాది బస్సు కథ వినబడకపోవడం అంత పెద్ద శబ్దమని నాకు తెలియదు.

తర్వాత అమ్మవి పోయాయి. జబ్బు పేరు ఎవరూ పలకలేదు. ‘అది’ అనేవాళ్ళం. అది కాకపోతే చాలు. అదే అయితే. అసలు మా ఇంట్లో ఇలాంటి మాటతీరు ముందునుంచీ ఉంది, నేనే గమనించలేదు. బియ్యం అయిపోయాయని అమ్మ ఎప్పుడూ అనలేదు, నిండుకున్నాయి అంటుంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. పొలంలో పాముండదు, పురుగుంటుంది. ఎవరూ వెళ్ళరు, వస్తానని గుమ్మం దాటతారు. చెప్పకుండా వదిలేయడం గొప్ప విద్యని గ్రూపులో నేర్చుకుంటున్నాననుకున్నాను. ఆ విద్యంతా మా వంటింట్లోనే ఉంది. కాకపోతే నేను కవిత కోసం వదిలేస్తాను, అమ్మ భయంతో వదిలేస్తుంది. అమ్మవే బాగుంటాయి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆకాశంలోంచి నల్లటి నుసి రాలడం మొదలైంది. పొడుగాటి, మెలికలు తిరిగిన నుసి. తీగమీద ఆరేసిన నాన్న తెల్లచొక్కాల మీద పడింది. అమ్మ ఆ చొక్కాల దగ్గర నిలబడిపోయి, ఇదేటి ఇలా రాల్తన్నాది అంది. కోత అయిపోయిన తోటలో ఎవరో చెరకు చెత్త తగలబెట్టారు, ఏటా తగలబెడతారు, ఏటా రాలుతుంది. అదే చెప్పాను. అమ్మకి తెలుసు. అయినా దులపలేదు, దులిపితే మరకవుతుంది. చొక్కాలన్నీ మళ్ళీ నీళ్ళలో వేసింది.

రిపోర్టు తెచ్చుకునే రోజు నాన్న ఒక్కడే బయల్దేరాడు. నేనొస్తానంటే వద్దన్నాడు, కాయితం ఒకటే కదా, ఇద్దరెందుకు అని. వద్దనడానికి అంత చిన్న కారణం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, పై గుండీ పెట్టుకుని, పొద్దున్న బస్సెక్కాడు. నేను దుకాణానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

మామూలుగా ఆయన వాయిస్ మెసేజీలు పెడతాడు. ఒక్కొక్కటీ మనం స్నానం చేసి వచ్చినా ఇంకా నడుస్తుంటుంది. ఆ రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. చేత్తో కొట్టిన అక్షరాలు.

‘రిపోర్టు ఒచ్చింది. ఇంటికొస్తన్నాను.’

అమ్మ చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. తర్వాత ఫోను తన చేతిలోకి తీసుకుని, ఇంకేమైనా ఉందేమోనని కిందికి జరిపి చూసింది. లేదు.

“నువ్వు సిన్నసిన్నవే రాస్తావు కదరా,” అంది. “దీనర్థమేటో సెప్పు.”

అన్నేళ్ళలో నా కవిత్వం గురించి అమ్మ అడిగిన ప్రశ్న అదొక్కటే. ఖాళీ చదివేవాడిదే అని నేను గ్రూపులో ఎందరికో చెప్పాను. ఇప్పుడు చదివేవాణ్ణి నేను. రిపోర్టు వచ్చిందన్నాడు గానీ బాగుందనలేదు. బాగుంటే చెప్పకుండా ఉంటాడా? బాగోకపోతే వస్తున్నానని ఎందుకు? ఎప్పుడూ వాయిస్ పెట్టేవాడు ఇవాళ గొంతు వినిపించకూడదనుకున్నాడా? రెండు వాక్యాల మధ్య చుక్క పెట్టాడు. నాన్న ఫోనులో చుక్క ఎక్కడుంటుందో ఆయనకి తెలుసని కూడా నాకు తెలియదు.

“తెలీదమ్మా,” అన్నాను.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ వచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే.

ఇక్కడ మావైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మావైపు ఫోన్లో ఎవరూ చనిపోరు. ఫోన్లో ఎవరికైనా ‘కొంచెం బాగోలేదు, ఓసారి వచ్చెళ్ళండి’ అంతవరకే. పోయినమాట ప్రయాణంలో ఉన్నవాళ్ళకి చెప్పకూడదు, దారిలో ఏమైపోతారోనని. వచ్చేవాళ్ళు బస్సు దిగి, వీధి మలుపు తిరిగి, ఇంటిముందు కుర్చీలు చూశాక, అప్పుడు ఆ మనిషి చనిపోతాడు. కాబట్టి ‘ఓసారి వచ్చెళ్ళు’ అన్నమాట వినబడితే పెద్దవాళ్ళెవరూ ఏమైందని అడగరు. చెప్పులేసుకుంటారు.

అమ్మ కంగారులో చీడికాడకి ఫోన్ చేసింది. అక్కడ మా మేనత్త ఉంటుంది, నాన్నకి అప్ప, అంటే అక్క. అమ్మకి పక్కన ఒక మనిషి కావాలి, అంతే. కానీ వదినా ఓసారి వచ్చెళ్ళు అని మాత్రం అనగలిగింది. అత్త ఏమైందని అడగలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు.

అత్త ఆటోలో వచ్చింది. రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు బత్తాయిలో, బ్రెడ్డో పట్టుకెళ్తారు. పోయిన ఇంటికి ఏమీ పట్టుకెళ్ళకూడదు. ఏ ఇంటికి వస్తోందో అత్తకి తెలియదు కాబట్టి దారిలో బత్తాయిలు కొంది. వీధి మొదట్లో ఆటో దిగాక ధైర్యం పోయింది. ఎవరిదో మోపెడ్ ఆగి ఉంటే ఆ సంచి దాని హ్యాండిల్‌కి తగిలించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచొచ్చింది. మోపెడ్ ఆయన ఆ తర్వాత బత్తాయిలతో సహా ఎటో వెళ్ళిపోయాడు. ఏ దేవుడిచ్చాడనుకున్నాడో.

వీధి మొదట్లోనే టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే ఆయన అత్త నోటికి కొంగుండడం చూశాడు. ముక్క తీశాక నాన్న మెడకి పట్టీతో తిరగడం చూశాడు. ఆయన అత్తని ఏమీ అడగలేదు, అడగడం మర్యాద కాదు. అత్త ఆయనకేమీ చెప్పలేదు, చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కాసేపటికి ఆయనే స్వయంగా ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దొంతిగా మోసుకొచ్చి మా ఇంటిముందు వేయడం మొదలుపెట్టాడు.

నేను బయటికెళ్ళి ఎందుకండీ ఇవి అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఉండనీ బాబూ. ఎండగా ఉన్నాది,” అన్నాడు.

ఆ చెయ్యి పడేదాకా నాకు ధైర్యంగానే ఉంది. అది పడ్డాక లేదు. వీళ్ళకి ఏదో తెలిసింది. విశాఖపట్నం నుంచి ఎవరో ఎవరికో ఫోన్ చేశారు. బస్సులోనే ఏదో అయింది. నాకు మాత్రం పద్ధతి ప్రకారం చెప్పడం లేదు. కుర్చీలు చూసి ఒకరూ, వాళ్ళని చూసి ఇంకొకరూ వచ్చి కూర్చున్నారు. మగవాళ్ళు బయట, ఆడవాళ్ళు లోపల. ఎవరూ ఏమీ అనడంలేదు. ఎవరి ఖాళీని వాళ్ళు నింపుకుంటున్నారు. ఒక చిన్న కవితకి ఇంతమంది పాఠకులు దొరకడం నేను చూడటం అదే మొదటిసారి.

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పక్కింటి ముసలావిడ లోపలికొచ్చి, అమ్మని చూసి, పొయ్యి దగ్గరికెళ్ళి గ్యాసు కట్టేసింది. చావొచ్చిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు. కుక్కర్లోంచి ఆవిరి కాసేపు సన్నగా వచ్చి ఆగిపోయింది. అమ్మ అది చూసింది. గోడకి జారబడి కూర్చుంది.

“నాకేటీ సెప్పకండి,” అంది. “ఆయన్ని రానీండి.”

అత్త ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అత్తకి అప్పటికీ ఏమైందో తెలియదు. అమ్మకి తెలుసని అత్త, అత్తకి తెలుసని అమ్మ.

నేను గుమ్మంలో నిలబడి వీధి మలుపు చూస్తున్నాను. ఎండ అటువైపు గోడమీదికి ఎక్కింది. విశాఖపట్నం బస్సు వచ్చే వేళ దాటింది. బస్సు ఆలస్యం కావచ్చు, రోజూ అవుతుంది. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. చాలా బాగా చెప్పాను, ఒక్క మాటా ఎక్కువ లేదు. నమ్మలేదు.

అప్పుడు మలుపులో నాన్న కనబడ్డాడు.

చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. అలవాటుగా ముందు గుండీ చూశాను. పెట్టే ఉంది. అంటే ఏమీ తెలియలేదు. ఆయన మాత్రం నన్ను చూడటంలేదు. కుర్చీలు చూస్తున్నాడు. తన ఇంటిముందు వరసగా వేసిన కుర్చీలు, వాటిలో తలలు వంచుకు కూర్చున్న జనం. అడుగు ముందుకి పడలేదు. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం అంత దూరం నుంచి కూడా కనబడింది. ఫోన్ ఆగిపోయి ఉంది. పొద్దున్న ఇంట్లో ఇద్దర్ని వదిలి వెళ్ళాడు.

మొదట చూసింది టెంట్ హౌసాయన. లేచి నిలబడ్డాడు. అది చూసి పక్కాయన లేచాడు. ఒక్కొక్కరే అందరూ లేచారు. నాయకుడు తిరిగొచ్చే ఘట్టం అని మొదట్లో చెప్పింది ఇదే. అందరూ ఆయన్నే చూస్తుంటే ఆయన భయం ఇంకా పెరిగింది.

“ఎవులు?” అన్నాడు నాన్న.

పోయిందెవరని ఆయన అడగడం. ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ మాటలు తగ్గించడం సాధన చేసినవాడికి కావలసిన వేళ ఒక్కటీ రాలేదు. నాన్న గొంతు విని అమ్మ లోపలినుంచి గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నాన్న ఆమెని చూశాడు. పక్కన నన్ను చూశాడు. మళ్ళీ కుర్చీలు చూశాడు. మేమిద్దరం ఉన్నాం. మరి?

“ఎవులే, అప్పా?” అన్నాడు, అమ్మ వెనక వచ్చిన అత్తతో.

అత్త నోటిమీంచి కొంగు తీసింది. ఆమెకి అబద్ధమాడటం రాదు.

“నువ్వేరా,” అంది.

నాన్న దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. తన చావుకి వేసిన కుర్చీ అని ఆయనకి అప్పటికి అర్థమైందో లేదో తెలియదు. ఎవరో నీళ్ళ గ్లాసిచ్చారు. సగం తాగి, సగం ముఖాన చల్లుకుని, కవరు ఒళ్ళో పెట్టుకున్నాడు. అమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. అడగలేదు. చూసింది.

“అది కాదంట,” అన్నాడు నాన్న.

నేనెన్నో చదివాను, కొన్ని రాశాను, చాలా కొట్టేశాను. ఆ రెండు మాటల్లో తీసేయడానికి నాకేమీ కనబడలేదు. అమ్మ వెనక్కి తిరిగి లోపలికెళ్ళింది. గ్యాసు వెలిగించిన చప్పుడు, కాసేపటికి కుక్కరు చప్పుడు. ఆమె ఏడ్చిందో లేదో ఆ చప్పుడులో తెలియలేదు. అందుకే అంత మంట పెట్టి ఉంటుంది.

మరేటంట అని అత్త అడిగితే టీబీ అన్నాడు, మెడ గడ్డకి వచ్చిన టీబీ. కుర్చీలు కొన్ని మెల్లగా వెనక్కి జరిగాయి. నేను కాగితాలు తీసి చూసి, ఊపిరితిత్తుల్లో లేదనీ, ఇది అంటుకునేది కాదనీ అందరికీ చెప్పాను. కొన్ని కుర్చీలు ముందుకొచ్చాయి. కొన్ని రాలేదు.

అత్త అప్పటికి భయం పోయి కోపంలోకి వచ్చింది. అది కాదన్న ముక్క ఫోన్లోనే పెట్టొచ్చు కదరా, మమ్మల్నిలా సంపడమెందుకు అని తమ్ముణ్ణి తిట్టింది. నాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“ఫోన్లో సెప్పీస్తే ఒక్క ముక్కలో అయిపోద్ది కదే,” అన్నాడు. “ఇంటికొచ్చి మొదట్నించీ వరసగా సెప్దామని.”

అదండీ ఆ చుక్క వెనక రహస్యం. పొడుగ్గా చెప్పడానికి దాచుకోబట్టి పొట్టిగా పెట్టాడు. ఇంతలో ఛార్జింగు అయిపోయింది.

లేచి వెళ్ళడానికి అందరికీ మొహమాటంగా ఉంది. చావుకొచ్చి, చావు లేకపోతే ఏమని చెప్పి లేవాలో మావైపు పద్ధతి లేదు. వస్తాను అనాలా వద్దా తెలియదు. అందుకని మళ్ళీ కూర్చున్నారు. అమ్మ టీ పెట్టింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

“పొద్దున్న బస్సెక్కేనా,” అన్నాడు. “కిటికీ పక్కన ఒకాయన కూకున్నాడు.”

ఆ కిటికీ పక్కాయనకి ఈ కథలో ఏ పనీ లేదు. ఆయన ఊరికీ, ఆయన గేదెకీ, గేదె మందు కోసం ఆయన దిగిపోయిన స్టాపుకీ ఏ పనీ లేదు. ఎక్కడ కొట్టేయాలో నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. చెరకు లోడు ట్రాక్టరు వెనక బస్సు ఆగిపోయిన చోట కూడా తీసేయొచ్చు. అసలు సంగతికి రమ్మని ఎవరూ అనలేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని టీ చల్లారిపోతుంటే వింటోంది. డాక్టరు దగ్గరికి ఆయన వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి.

డాక్టరు చెప్పిందేమిటంటే, మాత్రలు ఆరు నెలలు మానకుండా వేసుకోవాలి, పరగడుపున. వేసుకున్నన్నాళ్ళూ మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది మందు రంగే.